విసర్గకు బదులు కోలన్ వద్దు: అరుదైన అక్షరాలనూ పరభాషా అక్షరాలనూ వెబ్‌లో సరిగా టైపు చేసే పద్ధతి

దుఃఖం అనే మాటను టైపు చేయమంటే చాలామంది ‘దు’ తరువాత కోలన్ కొట్టి, ఆపైన ‘ఖం’ రాసి ముగిస్తారు. తెర మీద ‘దు:ఖం’ అని రెండు చుక్కలూ చక్కగానే కనిపిస్తాయి కాబట్టి రాసినవారికి గాని, చదివేవారికి గాని లోపం తెలియదు. కాని ఆ రెండు చుక్కలు విసర్గ కావు, విరామచిహ్నం. రేపు ఎవరైనా ఆ పుటలో ‘దుఃఖం’ అని సరైన విసర్గతో వెదికితే ఆ మాట దొరకదు. ఆ మాటను తీసుకువెళ్లి ఆన్‌లైన్ నిఘంటువులో అతికిస్తే అర్థం రాదు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఒక అక్షరం ఉందన్న సంగతే తెలియదు.

నేను పాత తెలుగు పుస్తకాలను టైపు చేసి అచ్చుప్రతితో సరిచూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక శతకాన్ని మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా, విసర్గ ఉన్న ప్రతిచోటా కోలన్‌తోనూ, అరసున్న ఉన్న ప్రతిచోటా బ్రాకెట్టుతోనూ టైపు చేశాను. తప్పు తెలిసిన తరువాత దాన్ని సరిదిద్దడానికి, టైపు చేయడానికి పట్టిన దానికంటే ఎక్కువ రోజులు పట్టింది. పీఠికలోనూ పాదసూచికల్లోనూ నిజమైన కోలన్‌లు, నిజమైన బ్రాకెట్లు కూడా ఉన్నందువల్ల అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చడానికి వీలు లేక, ఒక్కొక్కదాన్నీ అచ్చుప్రతితో పోల్చి మార్చవలసి వచ్చింది. ఆ శ్రమ మరొకరికి తప్పాలన్న ఉద్దేశంతోనే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

అక్షరానికి ఆకారం ఒకటి, సంఖ్య ఒకటి

కంప్యూటరు అక్షరాన్ని ఆకారంగా దాచుకోదు, సంఖ్యగా దాచుకుంటుంది. ప్రపంచంలోని లిపుల అక్షరాలకు తలా ఒక సంఖ్యను కేటాయించే ప్రమాణం పేరు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పు నుంచే తెలుగుకు అందులో చోటు ఉంది. 3072 నుంచి 3199 వరకు మొత్తం 128 స్థానాలను తెలుగుకు కేటాయించారు. వాటిలో కొన్ని ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి, కొన్ని ఈ మధ్య నిండాయి. క అక్షరం సంఖ్య 3093, విసర్గ సంఖ్య 3075. కోలన్ సంఖ్య 58. ఈ రెండూ కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటరుకు వాటి మధ్య ఏ చుట్టరికమూ లేదు.

మన లిపిలో గుణింతపు గుర్తులకూ పొల్లుకూ విడివిడిగా సంఖ్యలు ఉన్నాయి. ‘తెలుగు’ అనే మాట మనకు మూడక్షరాలు, కంప్యూటరుకు మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు. వెబ్‌లో అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి ఆ చిన్న మాట 18 బైట్లు. ‘క్ష’ కోసం ప్రత్యేకమైన అక్షరం ఎక్కడుందో అని వెదికేవారిని చూశాను. అలాంటిది లేదు, క తరువాత పొల్లు, ఆ తరువాత ష కొడితే అదే క్ష అవుతుంది. అచ్చులో ఎత్వం పైన ఉన్నా, వత్తు కింద ఉన్నా, టైపు చేసే వరుస మాత్రం మనం పలికే వరుసే. హల్లు ముందు, గుణింతపు గుర్తు తరువాత. ఈ వరుస తప్పినప్పుడే తెర మీద చుక్కలతో గీసిన ఒక వలయం, దాని పక్కన దిక్కులేని గుణింతపు గుర్తు కనిపిస్తాయి.

కవలల్లా కనిపించి మోసం చేసేవి

విసర్గ తరువాత ఎక్కువగా తప్పేది సున్న. తెలుగు అంకె సున్నా ‘౦’ సంఖ్య 3174, పూర్ణానుస్వారం ‘ం’ సంఖ్య 3074. చాలా ఫాంట్లలో ఈ రెంటికీ తేడా కనిపెట్టడం కష్టం. ‘అ౦దరు’ అని అంకెతో రాస్తే, కంప్యూటరు దృష్టిలో అది ఒక అచ్చు, ఒక అంకె, రెండు హల్లులు కలిసిన వింత పదార్థం. అకారాది క్రమంలో పెట్టినప్పుడు ఆ మాట తన తోటివాటి పక్కన కాక ఎక్కడో పడుతుంది. నాకు వచ్చే వ్రాతప్రతుల్లో మొదట వెదికేది ఈ అంకెనే. వెదుకుడు పెట్టెలో ‘౦’ అంకెను మాత్రమే ఉంచి చూస్తే, మాటల మధ్య దూరినవన్నీ బయటపడతాయి.

అరసున్నకు బదులు బ్రాకెట్టునో, ఇంగ్లీషు సీ అక్షరాన్నో పెట్టడం పాత డీటీపీ రోజుల అలవాటు. అరసున్నకు తనదంటూ 3073 సంఖ్య ఉంది. ‘వాఁడు’, ‘లేఁడు’ అని నేరుగా రాయవచ్చు. సంధిలో లోపించిన అకారాన్ని చూపే అవగ్రహానికి ఇంగ్లీషు ఎస్ అక్షరం పెట్టడం కూడా అలాంటిదే. 2008 నుంచి 3133 సంఖ్యతో ‘ఽ’ మనకు ఉంది కాబట్టి ‘సోఽహం’ అని రాయడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. సంస్కృత శ్లోకాల చివర వచ్చే దండానికి చాలామంది పైపు గుర్తును వాడతారు. సరైన దండం ‘।’ సంఖ్య 2404, రెండు దండాలు ‘॥’ 2405. ఇవి తెలుగు విభాగంలో కనిపించక కొందరు తికమకపడతారు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఉండాలని వాటిని దేవనాగరి విభాగంలో ఉంచారు, తెలుగులో వాడేటప్పుడూ అవే సరైనవి.

వేదమంత్రాలను తెలుగు లిపిలో పెట్టేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. తైత్తిరీయ పాఠాల్లో అక్షరం పైన వచ్చే నిలువు గీతకు 2385, కింద వచ్చే అడ్డగీతకు 2386, పైన వచ్చే జంట గీతలకు 7386 ఉన్నాయి. అపాస్ట్రఫీనీ, అండర్‌స్కోరునూ పక్కన పెట్టి స్వరాలుగా చూపించిన పుటలు కనబడినప్పుడు నాకు బాధ కలుగుతుంది. అంత శ్రద్ధతో స్వరం తప్పకుండా వల్లించే పాఠం, ఫాంటు మారగానే చెదిరిపోతుంది.

కనబడని అక్షరం

తెలుగులో పరభాషా పదాలను రాసేవారు తప్పనిసరిగా నేర్చుకోవలసినది ఒకటుంది, అది కంటికి కనిపించదు. ‘ఫేస్బుక్’ అని వరుసగా కొడితే స తరువాతి పొల్లు బ ను వత్తుగా మార్చేస్తుంది. మనకు కావలసినది ‘ఫేస్‌బుక్’. ‘హైదరాబాద్లో’ కాదు, ‘హైదరాబాద్‌లో’. ఈ రెండు రూపాల మధ్య తేడా తెచ్చేది పొల్లు తరువాత, తరువాతి హల్లుకు ముందు కూర్చునే ఒక శూన్యవెడల్పు గుర్తు. దాని సంఖ్య 8204. ఇంగ్లీషులో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అంటే పక్క అక్షరాలను కలవనీయకుండా నిలిపేది. తెలుగులో కొందరు దాన్ని ‘నాన్ జాయినర్’ అని పొట్టిగా పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను.

దగ్గరగా చూడాలంటే ఇలా చేయండి. ‘రాజ్’ అని రాసి, నాన్ జాయినర్ కొట్టి, ‘కుమార్’ రాయండి. ‘రాజ్‌కుమార్’ వస్తుంది. ఇప్పుడు కర్సరును క ముందు నిలిపి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. ఏ అక్షరమూ చెరిగినట్టు ఉండదు, కాని జ కింద క వత్తు వచ్చి చేరి ‘రాజ్కుమార్’ అయిపోతుంది. చెరిగింది ఆ కనబడని గుర్తే.

మంచి మందైనా మోతాదు మించకూడదు. మాట చివర పొల్లు ఉండి, ఆపైన ఖాళీ వస్తే నాన్ జాయినర్ అవసరం లేదు. ‘హైదరాబాద్ నగరం’ అన్నప్పుడు ద్ తరువాత ఉన్న ఖాళీయే వత్తును ఆపుతుంది. అయినా కొన్ని టైపింగ్ పరికరాలు ప్రతి చివరి పొల్లు తరువాతా దాన్ని వదిలిపెడతాయి. దానివల్ల కంటికి ఒకేలా ఉండే రెండు శీర్షికలు కంప్యూటరుకు వేర్వేరు శీర్షికలవుతాయి, ఒక జాబితాలో ఒకే ఊరు రెండుసార్లు వస్తుంది. మాట మధ్యలో అవసరమైన చోట తప్పక ఉంచండి, మాట చివర ఉంటే తీసేయండి.

దీని తోబుట్టువు 8205 సంఖ్య గల జాయినర్. తెలుగులో దాని ప్రధానమైన పని వలపలగిలక. పాత అచ్చుపుస్తకాల్లో ‘ధర్మం’, ‘కర్మ’ వంటి మాటల్లో ర కారాన్ని తరువాతి అక్షరం పక్కన గిలకగా వేసేవారు. ర, పొల్లు, జాయినర్, ఆపైన హల్లు అనే వరుసలో కొడితే ఆ రూపాన్ని చూపగల ఫాంట్లు దాన్ని చూపుతాయి. అలాంటి ఫాంట్లు తక్కువే. పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చూపాలన్న పట్టుదల ఉంటే తప్ప వలపలగిలక జోలికి పోవద్దన్నది నా సలహా, మామూలు పద్ధతిలో ‘ధర్మం’ అని రాస్తేనే వెదికేవారికి దొరుకుతుంది.

అరుదైన తెలుగు అక్షరాలు

బండి ర సంఖ్య 3121. ‘గుఱ్ఱము’, ‘ఎఱుపు’, ‘చెఱువు’ అని మూలంలో ఉన్నప్పుడు మామూలు ర తో సరిపెట్టడం మూలానికి చేసే అన్యాయం. దంత్య చ, జ లైన ‘ౘ’, ‘ౙ’ 2008లో 3160, 3161 సంఖ్యలతో చేరాయి. ‘ౘలి’, ‘ౙాము’ వంటి మాటల పలుకుబడిని చూపవలసిన నిఘంటువులకూ, భాషాపాఠాలకూ ఇవి ఎంతో ఉపకరిస్తాయి. రోజువారీ రాతలో వాటిని వాడనక్కరలేదు.

శాసనాలతో పని ఉన్నవారికి రెండు అక్షరాలు ముఖ్యం. రేనాటి చోళుల కాలపు శాసనాల్లో కనిపించి, తరువాత తెలుగులో వాడుక తప్పిన ‘ఴ’ 2014లో 3124 సంఖ్యతోనూ, ‘ౚ’ 2015లో 3162 సంఖ్యతోనూ వచ్చాయి. తమిళంలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఆ ధ్వనిని ‘చోఴ’ అని తెలుగు లిపిలోనే చూపగలగడం నాకు సంతోషాన్నిచ్చిన సంగతి. పాత ప్రతుల్లో న కార పొల్లును చూపే ‘ౝ’ 2021లో 3165 సంఖ్యతో చేరింది. అదే ఏడు ఉర్దూ, అరబ్బీ ధ్వనులను చూపడానికి అక్షరం కింద పెట్టే చుక్క, నుక్తా కూడా 3132 సంఖ్యతో తెలుగు విభాగంలోకి వచ్చింది.

వీటిని కొట్టే మార్గాలు

విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవారికి వీటిలో చాలా భాగం మీటల మీదే ఉన్నాయి. డి మీట పొల్లు. షిఫ్ట్ పట్టుకుని జె నొక్కితే బండి ర వస్తుంది. ఎక్స్ మీట సున్న, షిఫ్ట్‌తో కలిపితే అరసున్న. షిఫ్ట్‌తో హైఫన్ మీట నొక్కితే అసలైన విసర్గ వస్తుంది. ఒక్క వారం కష్టపడి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారు ఆ తరువాత కోలన్ జోలికి వెళ్లరు. మన భాషలన్నిటికీ మీటల అమరిక ఒకటే కావడం వల్ల కన్నడం, హిందీ కొట్టడం కూడా సులువవుతుంది.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవారే ఎక్కువమంది. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు అందులోనే ఉంది. లేఖిని వంటి వెబ్ పరికరాలు, వికీపీడియాలోని లిప్యంతరీకరణ సదుపాయం అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన పాత సంకేత పద్ధతిని కొద్ది మార్పులతో పాటిస్తాయి. వీటిలో విసర్గకు, అరసున్నకు, బండి ర కు, నాన్ జాయినర్‌కు ఏ మీటలు కొట్టాలన్నది ఒక్కో పరికరానికి ఒక్కో రకంగా ఉంటుంది. పరికరంతో వచ్చే సహాయ పట్టికలో ఈ నాలుగింటినీ వెదికి, ఒక కాగితం మీద రాసుకుని తెర పక్కన అంటించుకోండి. పట్టికంతా బట్టీ పట్టనవసరం లేదు.

ఫోనులో తెలుగు కీబోర్డు మీద ఒక అక్షరాన్ని వేలితో నొక్కి ఉంచితే దాని బంధువులు పైకి వస్తాయి. ర మీద నొక్కి ఉంచితే చాలా కీబోర్డుల్లో ఱ కనిపిస్తుంది. రూపాయి గుర్తు ‘₹’ అంకెల పుటలోనే ఉంటుంది. లేకపోతే డాలరు గుర్తును నొక్కి ఉంచితే వస్తుంది. భారత ప్రభుత్వం 2010 జూలైలో ఆమోదించిన ఈ గుర్తు అదే ఏడు యూనికోడ్‌లో 8377 సంఖ్యతో చేరింది. విండోస్‌లో భారతీయ ఇంగ్లీషు కీబోర్డును ఎంచుకుంటే, కుడివైపు ఆల్ట్ మీటతో పాటు 4 నొక్కితే చాలు.

కీబోర్డు మీద ఎక్కడా దొరకని అక్షరానికి సంఖ్యే దారి. మైక్రోసాఫ్ట్ వర్డులో నమ్ లాక్ వేసి, ఆల్ట్ మీటను పట్టుకుని, కుడిపక్క అంకెల మీటల మీద 3121 కొట్టి వదిలితే ఱ పడుతుంది. అంకెల మీటలు లేని ల్యాప్‌టాప్ అయితే మరో దారి ఉంది. యూనికోడ్ పట్టికల్లో సంఖ్యలు పదహారు ఆధారంగా గల లెక్కలో రాసి ఉంటాయి. అందులో బండి ర ‘సున్న, సీ, మూడు, ఒకటి’. ఆ నాలుగింటినీ వర్డులో టైపు చేసి వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ నాలుగూ పోయి అక్షరం వస్తుంది. దీని అసలైన ఉపయోగం తిరుగు ప్రయాణంలో ఉంది. అనుమానమున్న అక్షరం వెనుక కర్సరు పెట్టి అదే ఆల్ట్-ఎక్స్ నొక్కితే అక్షరం పోయి దాని సంఖ్య అదే పదహారు లెక్కలో కనిపిస్తుంది. అది విసర్గో, కోలనో క్షణంలో తేలిపోతుంది. చూసిన తరువాత మళ్లీ నొక్కితే అక్షరం తిరిగి వస్తుంది. లినక్స్‌లో చాలాచోట్ల కంట్రోల్, షిఫ్ట్, యూ మూడింటినీ నొక్కి, అదే సంఖ్య కొట్టి, ఎంటర్ నొక్కాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో మౌసు కుడి మీట నొక్కితే వచ్చే పట్టీలో యూనికోడ్ నియంత్రణ గుర్తులను చేర్చే వరుస ఒకటుంది. నాన్ జాయినర్, జాయినర్ అక్కడ ఉంటాయి.

వెబ్ పుట మూలాన్నే రాసేవారు సంఖ్యకు ముందు & గుర్తు, # గుర్తు, చివర సెమికోలన్ పెట్టి రాయవచ్చు. ః అంటే విసర్గ, ‌ అంటే నాన్ జాయినర్, ₹ అంటే రూపాయి గుర్తు. కనబడని గుర్తులను ఇలా సంఖ్యతో రాయడం వల్ల మూలం చదివేవారికి అవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. వికీల్లోనూ ఇది పనిచేస్తుంది. వాట్సాప్ సందేశంలోనూ, మామూలు ఈమెయిలులోనూ పనిచేయదు, అక్కడ ఆ సంఖ్య సంఖ్యగానే కనబడుతుంది.

ఇన్ని మార్గాలు చెప్పినా నేను రోజూ వాడేది మరొకటి. నా పనికి మళ్లీ మళ్లీ కావలసిన ముప్పై దాకా అక్షరాలను ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో, ఒక్కోదాన్నీ ఒక్కో వరుసలో, పక్కన దాని పేరూ సంఖ్యా రాసి ఉంచుకున్నాను. కావలసినప్పుడు నకలు తీసి అతికిస్తాను. అక్షరాన్ని ఒకసారి సరిచూసి ఆ ఫైలులో పెట్టిన తరువాత పొరపాటుకు చోటు ఉండదు.

పరభాషా అక్షరాలు

చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్తున్న తెలుగువారికి మొదట ఎదురయ్యేది చిరునామా. అక్కడి వీధి పేర్లలో తరచు వచ్చే ఎస్సెట్ అనే అక్షరం, గ్రీకు బీటాలా కనిపిస్తుంది. ఎవరో పంపిన పట్టికలో బీటాను నకలు తీసి చిరునామాలో అతికించినవారు నాకు తెలుసు. ఎస్సెట్ సంఖ్య 223, బీటా సంఖ్య 946. విసర్గకూ కోలన్‌కూ ఉన్న తేడా లాంటిదే ఇక్కడా. ఏ, ఓ, యూ అక్షరాల మీద రెండు చుక్కలు ఉండే ఉమ్లౌట్ రూపాల్లో చిన్న అక్షరాల సంఖ్యలు వరుసగా 228, 246, 252. పెద్ద అక్షరాలవి 196, 214, 220. ఫ్రెంచి మాటల్లో ‘ఈ’ (e) అక్షరం మీద కుడివైపుకు లేచే గీత ఉన్న చిన్న అక్షరం 233, స్పానిష్‌లో ఎన్ మీద అల ఉన్న చిన్న అక్షరం 241.

256 లోపు ఉన్న ఈ సంఖ్యలను విండోస్‌లో ఎక్కడైనా ఆల్ట్ మీటతో కొట్టవచ్చు. కాని ముందు సున్న తప్పక చేర్చాలి. ఆల్ట్‌తో 0233 కొడితే ఫ్రెంచి అక్షరం వస్తుంది, సున్న మరచి 233 కొడితే చాలా యంత్రాల్లో గ్రీకు థీటా వస్తుంది. సున్న లేని సంఖ్యలు యూనికోడ్‌కు ముందు ఉన్న పాత డాస్ పట్టికకు చెందినవి కావడమే దీనికి కారణం. ఈ పద్ధతి వాడేముందు కీబోర్డును తెలుగు నుంచి ఇంగ్లీషుకు మార్చుకోండి. తరచు అవసరమయ్యేవారు యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ అనే అమరికను చేర్చుకుంటే, అపాస్ట్రఫీ కొట్టి ‘ఈ’ (e) కొట్టగానే గీత పడిన అక్షరం వస్తుంది. మ్యాక్‌లోనూ, ఫోన్లలోనూ అక్షరం మీటను నొక్కి ఉంచితే చాలు, దాని రూపాలన్నీ వరుసగా వస్తాయి.

ఫారం ఈ అక్షరాలను తీసుకోనంటే జర్మనులు తామే వాడే ప్రత్యామ్నాయం ఉంది. ఉమ్లౌట్ ఉన్న అక్షరానికి చుక్కలు తీసేసి పక్కన ‘ఈ’ (e) చేర్చాలి, ఎస్సెట్‌కు బదులు రెండు ఎస్‌లు రాయాలి. చుక్కలు మాత్రం తీసేసి ఊరుకుంటే కొన్నిసార్లు అది మరో పేరవుతుంది.

తెలుగు పేర్లను రోమన్ లిపిలో శాస్త్రీయంగా రాయవలసిన పరిశోధకులకు, గ్రంథాలయాల్లో పనిచేసేవారికి అవసరమయ్యేది వేరే గుంపు. దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత, ట డ ణ ళ ష లకు అక్షరం కింద చుక్క. భారతీయ లిపుల రోమనీకరణకు 2001లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15919. ఈ అక్షరాల సంఖ్యలు 256 దాటినవి కాబట్టి సున్నతో కొట్టే ఆల్ట్ పద్ధతి పనికిరాదు. మ్యాక్‌లో ఏబీసీ ఎక్స్‌టెండెడ్ కీబోర్డు ఎంచుకుంటే ఆప్షన్ మీటతో ఏ కొట్టి అచ్చు కొట్టినప్పుడు పైగీత, ఆప్షన్‌తో ఎక్స్ కొట్టి హల్లు కొట్టినప్పుడు కింది చుక్క వస్తాయి. ఫోనులో దీర్ఘపు అక్షరాలు దొరుకుతాయి, కింది చుక్కవి సాధారణంగా దొరకవు. విండోస్‌లో వర్డు పద్ధతే దిక్కు. టి కింద చుక్కకు 7789, డి కి 7693, ఎన్ కు 7751, ఎల్ కు 7735, ఎస్ కు 7779. వీటన్నిటినీ పైన చెప్పిన ఫైలులో చేర్చుకోవడమే సుఖం.

చెడినప్పుడు ఏమి చెడిందో గుర్తించడం

అక్షరం స్థానంలో ఖాళీ డబ్బా కనబడితే కంగారుపడవద్దు. సంఖ్య భద్రంగానే ఉంది, ఆ అక్షరం బొమ్మ మీ ఫాంటులో లేదు, అంతే. కొత్తగా చేరిన ‘ౝ’, నుక్తాల విషయంలో ఇది తరచు జరుగుతుంది. నోటో సాన్స్ తెలుగు వంటి కొత్త ఫాంటును పెట్టుకుని చూడండి.

తెలుగు రావలసిన చోట గీతలు, చుక్కలు, డిగ్రీ గుర్తులు కలిసిన ఐరోపా అక్షరాల గందరగోళం వస్తే, యూటీఎఫ్-8 లో ఉన్న పాఠాన్ని బ్రౌజరో, ఎక్సెలో మరో పద్ధతిలో చదువుతోందని అర్థం. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి ఆ చెత్త కూడా అసలు మాటకు మూడింతల పొడవు ఉంటుంది. ఇది చాలావరకు బాగుపడేదే. ఫైలును మూసి, తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, ఆ స్థితిలో మాత్రం భద్రపరచవద్దు.

అక్షరాలన్నీ వరుసగా ప్రశ్నార్థకాలుగా మారిపోతే పాఠం పోయినట్టే. తెలుగుకు చోటు లేని పద్ధతిలో ఫైలును భద్రపరిచినప్పుడు ఒక్కో సంకేతం స్థానంలో ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది, అసలు సంఖ్య ఎక్కడా మిగలదు. పేర్ల జాబితాలను సీఎస్‌వీ ఫైళ్లుగా (కామాలతో విడదీసిన మామూలు పాఠంగా) మార్చేవారు యూటీఎఫ్-8 అని ఉన్న రకాన్నే ఎంచుకోవాలి, మార్చిన తరువాత పాత ఫైలును చెరపడానికి ముందు కొత్తదాన్ని తెరిచి ఒక్క పేరైనా చదవాలి.

పాఠాన్ని వెబ్‌లో ఉంచిన వెంటనే నేను చేసే పరీక్ష చిన్నది. పుట తెరిచి, వెదుకుడు పెట్టెలో కోలన్ ఒక్కటే కొడతాను, కనబడిన ప్రతి కోలనూ నిజంగా కోలనేనా అని చూస్తాను. తరువాత తెలుగు అంకె సున్నాను వెదుకుతాను. ఆపైన విసర్గ ఉన్న ఒక మాటను, నాన్ జాయినర్ ఉన్న ఒక మాటను మీటల మీద కొత్తగా టైపు చేసి వెదుకుతాను. పుటలో నుంచి నకలు తీసి వెదికితే తప్పు మాట కూడా తప్పుతో సరిపోయి దొరుకుతుంది కాబట్టి ఆ మాటను చేత్తో టైపు చేయడం ముఖ్యం. చివరగా అదే పుటను ఫోనులో తెరుస్తాను. అక్కడ బండి ర కో, నకార పొల్లుకో డబ్బా వస్తే, దాన్ని తీసి మామూలు ర ను, న్ ను పెట్టను. చదివేవారి ఫోనులో కొత్త ఫాంటు వచ్చిన రోజున ఆ డబ్బాల్లో అవే అక్షరాలు కనబడతాయి.